తిరగేసి చూడాలె

జకార్తాల బట్టల ఎగ్జిబిషన్.
ఆరు రాత్రులు, ఖర్చు వాళ్ళదే.
రెండు హోటళ్ళ ఫోటోలు పంపి
పొద్దుగూకేలోపు ఏదో ఒకటి చెప్పమన్నరు.

రెండూ ఒక్క కంపెనీవేనట.
మా తోడికోడలి బిడ్డ సుచరిత చెప్పింది:
ఊరూర ఉంటయట ఇవి, గొలుసు లెక్క,
ఏ దేశంల తలుపు తీసినా
అదే మంచం, అదే దీపం, అదే సబ్బు.
నాకు అర్థం కానిదేముంది
ఒక్క గ్రాఫు గీసుకొని నలభై చీరెలు దింపినట్టు.

గట్టుప్పల్ల మాకు హోటలంటే
చండూరు బస్టాండు ఎదురుంగ రేకులకొట్టం,
బజ్జీలు గోలిచ్చే మనిషి ఇంటిపేరుతోటి పిలుస్తడు.
ఎంచుకునుడేంది, ఉన్నదే ఒకటి.

మొదటిదానికి ఇరవై రెండో అంతస్తుల ఈతకొలను.
రెండోది రైలు స్టేషన్ పక్కన, గదులు ఇరుకు.
మొదటిదాంట్ల తొట్టి ఉన్నది,
మెడలోతు వేడినీళ్ళు.
ఆ ఫోటోను నా కుడిభుజం
నాకంటె ఎక్కువసేపు చూసింది.
ఆసు పోసిన భుజం అది.
పద్నాలుగేండ్ల వయసు నుంచి
మేకుల చుట్టూ దారం తిప్పుకుంట
చీరెకిన్ని వేలసార్లు పోయి వచ్చిన చెయ్యి.
ఎన్నివేలో ఒక సారు లెక్కగట్టి చెప్పిండు.
ఇన్నంక ఇంకింత గుంజింది.

"మొదటిదే చెప్పు" అన్నడు మా చంద్రమౌళి.
పిలుపుల పేరు ఆయనది,
నా పేరు "మరియు భార్య".

సుచరిత రెండోదాన్ని ఊకెనే జరుపుకుంట పోతున్నది.
ఆగు బిడ్డా, అన్న. ఆ మంచం పెద్దగ చెయ్యి.

తెల్ల దుప్పటి.
కాళ్ళదిక్కు అడ్డంగ మూరెడు గుడ్డ.
ఎరుపు, నలుపు గడులు,
అంచులు మాత్రం కుదురుగ లెవ్వు,
నీళ్ళల్ల నీడ కదిలినట్టు
ఒక రంగు ఇంకోదాంట్లకు జారింది.
ఆ వణుకు నాకు ఎరుకే.
దారాలు కుప్పజేసి
సైకిల్ ట్యూబు పట్టీ బిగించి కట్టి
రంగుల ముంచి ఇప్పినంక
వెంట్రుకవాసి ఇటో అటో జరుగుతది.
చదువురాని నా సంతకం అదే.

"అచ్చు గుడ్డ అది" అన్నడు ఆయన,
"మన చుక్కలెత్తుకపోయి
మిషన్ మీద కొట్టిన్రు. ఆ హోటలే వద్దు."
ఫోను బోర్లేసి చాయ తాగిండు.

నాకు చాయ గొంతు దిగలే.
వణికినదాన్ని ఫోటో తీసి కొడితే
అచ్చు కూడ వణుకుతది, అది నిజమే.
కాని ఎగ్జిబిషన్ మేడమ్ ఒక మాట చెప్పింది మొన్న.
ఆ దేశంల గూడ దారం కట్టి రంగేసేటోళ్ళున్నరట,
ఆడోళ్ళేనట,
ట్యూబులు కాదు, తాటాకు సన్నగ చీల్చి కడతరట.
మా చెలకల చుట్టూ ఇన్ని తాళ్ళుండంగ
మాకెన్నడు తోచలే.

దొంగతనమో, చుట్టరికమో
ఫోటోల కనిపియ్యదు.
గుడ్డ తిరగేస్తె కనిపిస్తది.
అచ్చుదయితే వెనక పాలిపోయి ఉంటది,
కట్టి నేసిందయితే
ముందెంతో వెనకంతే.

ఇగ ఇరవై రెండో అంతస్తు పోయింది.
తొట్టి పోయింది, దానికి భుజం అలిగింది.
దీపం పెట్టకముందే రాయించిన:
రెండోది, స్టేషన్ పక్కది.
ఆయన ఏమనలే.
జర్రసేపైనంక
"జండూబామ్ రెండు డబ్బాలు పెట్టుకో" అన్నడు.

గదితాళం చేతికి రాంగనే
చెప్పులన్న ఇడువకముందు
మంచం కాళ్ళకాడ నిలబడి
ఆ గుడ్డ కొస పట్టి తిరగేస్త.

వెనక ఏమున్నదో వచ్చినంక చెప్త.
ఆసు మీద చీరె సగంల ఉన్నది,
జరుగున్రి.