ఖుద్దూస్ మియా మోసి చూసిన సంచి

అఫ్జల్‌గంజ్‌ల, బస్సుల పొగకు నల్లబడ్డ మెట్ల కింద
ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, ఖుద్దూస్ మియా.
నా సంచి ఆయన ఒళ్ళె బోర్ల పడుకున్నది
కాలు విరిగిన మేకపిల్ల లెక్క.
"ఎడమ పట్టీ తెగింది. జిప్పుకు పండ్లూడినయ్.
ఏడికి తీస్కపోయినవ్ దీన్ని?"

చెరువుకు.
"ఏ చెరువు? మీరాలమా?"

గోల్కొండ మీద గోల్కొండ పెట్టి
అట్ల ముప్పై పేరిస్తె, ఆ పైన
నిండుగ నీళ్ళుంటయ్ మియా, టిటికాకా అంటరు.
సూది నోట్ల పెట్టుకొని తలూపిండు,
పక్క దుకాణంల సగానికే ఇస్తున్నరన్న గిరాకీ మాట విన్నట్టు.

నడుమ ఒక ఇరుకున్నది. వంతెన లేదు.
బస్సును చెక్క తెప్ప మీదికెక్కిస్తరు,
మనుషులను దించి వేరే పడవల కూసోబెడ్తరు.
సంచి బస్సు కడుపుల, నేను పడవల.
సగం దూరంల తిరిగి చూస్తె
బస్సు నీళ్ళ మీద పక్కకు ఒరుగుతున్నది.
కిటికీలన్నీ ఖాళీ, సీట్లల్ల ఎండ ఒక్కటే కూసున్నది.
నా చెప్పులు, నా మందులు, మడత పెట్టిన నా రుమాళ్ళు
నేను లేకుంటనే ఆవలి ఒడ్డుకు పోతున్నయ్.
ఆ పది నిమిషాలు
నా భుజాలకు ఏం చెయ్యాల్నో తెల్వలే.

మిషను ఆగింది.
"మునుగుతె?"
మునగలే.
"ఏమో. మునుగుతె?"

సంచి అడుగు తిప్పి దులిపిండు:
బార్లీ గింజలు నాలుగు, ఉబ్బిన పడవ టికెట్టు, ఎర్ర మన్ను.
మన్ను వాసన చూసి
"మా చేవెళ్ళదే ఇది" అన్నడు.

ఇగ ఊరు. లా పాజ్.
ఎదురుంగ కనపడ్డది కాదు, కాళ్ళ కింద పడ్డది.
మలుపు తిరగంగనే నేల తెగి,
గిన్నెకు అంచు నుంచి అడుగు దాక అంటిన మాడు లెక్క
ఇటుక రంగు ఇండ్లు, ఇండ్లు.
తలల మీంచి తీగలకు డబ్బాలు ఏలాడుకుంట పోతయ్,
అవే వాళ్ళ సెట్విన్ బస్సులు.
లాడ్జికి ఇరవై మూడు మెట్లు.
ఏడో మెట్టు మీద కూలబడ్డ.
ఉస్మానియా దవాఖానల పదకొండేండ్లు
మంది వేళ్ళు పట్టుకొని అంకెలు రాసినదాన్ని,
నా వేలికి నేనే క్లిప్పు పెట్టుకున్న.
ఎనభై రెండు.
మా వార్డుల ఆ అంకె చూస్తె మంచం కోసం ఉరుకుతం.
ఆడ ఒకామె వీపుకు పిల్లను కట్టుకొని,
చంకల ఆలుగడ్డల మూటతోటి
నన్ను దాటి ఎక్కిపోయింది, ఏదో గొణుక్కుంట.
పాటనో, తిట్టో.

మియా దారం కొరికిండు.
"అయిపాయె. ఉండు, ఇంకా కాలే."
స్టూలు కింది నుంచి ఇస్త్రీపెట్టె, మూడు తక్కెడరాళ్ళు,
ఒక పాత మిషను తలకాయ తీసి
నా సంచిల నింపి వీపుకెత్తుకున్నడు.
"నేను మోయనిది గిరాకీకియ్య.
నయాపూల్ దాక పోయొస్త. దుకాణం చూడు."

ఆటోల నడుమ, జామకాయల బండ్ల నడుమ
నా సంచి నేను లేకుంట మళ్ళొకసారి పోతున్నది.
వంతెన మధ్యల ఆగి గోడకు చెయ్యానిచ్చిండు.
కింద మూసీ, నీళ్ళు కొంచెం, గుర్రపుడెక్క మస్తు.
ఆ నిలబడుడు నాకెరుకే.
తల వంచి, నోరు తెరిచి,
మోకాళ్ళను బతిమాలుకుంటున్నట్టు.
లేవబోయిన.
ఇంతల ఒక పోరగాడొచ్చి జిప్పుకెంత అన్నడు,
నలభై అన్న, ఎట్లొచ్చిందో ఆ ధర నోటికి.

వచ్చిండు. చెమట తుడుచుకోలే.
"ఎడమదిక్కు ఇంకో రెండు కుట్లు పడాలె."
కూసొని, ఊపిరందినంక, సూదిల దారమెక్కియ్యబోయి
ఆగి అడిగిండు:
"ఆ తెప్ప మీద... డ్రైవరు బస్సుల్నే ఉంటడా?
ఆయన గూడ దిగుతడా?"

కిటికీలన్నీ ఖాళీ అని చెప్పిన గదా.
ముందటి అద్దం దిక్కు
నేను చూడనే లేదు.