ఉప్పు తక్కువ

టర్కీ కీమాకి సొంత రుచంటూ ఉండదు.
ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళ మాటే మాట్లాడే
మొహమాటపు చుట్టం అది.
గిన్నెలో పాలిపోయి, చల్లగా,
నా ఆసుపత్రి గౌను రంగులో పడుంది.

ఫ్రిజ్ తలుపు మీద
డెల్ఫీన్ అంటించిన కాగితం:
గొడ్డు మాంసం వద్దు, వేపుడు వద్దు,
ఉప్పు,
ఆ మాట కింద మాత్రం రెండు గీతలు.
గీసింది డాక్టరు కాదు, ఈవిడే.

ముప్పై ఒక్క చలికాలాలు
మంచు తోసే లారీ నడిపాను
మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన.
అర్ధరాత్రి రోడ్ల మీద టన్నులకొద్దీ ఉప్పు చల్లినవాణ్ణి,
ఇప్పుడు చిటికెడు కోసం
పెళ్ళాం కళ్ళలోకి చూస్తున్నాను.

రాత్రికి నేల గడ్డకడుతుందని రేడియో చెప్పింది.
అందుకే కిటికీ కింది సేజ్ మొక్కని
మొదలంటా కోసుకొచ్చాను.
ఆకు మీద నూగు, కుందేలు చెవిలా.
నలిపితే
కర్పూరానికీ తడిసిన ఉన్నికీ మధ్య
ఎక్కడో ఆగిపోయే వాసన.

ఆపిళ్ళు మాత్రం నావి కావు.

పక్కింటి ఆల్డెన్‌వి.
మూడేళ్ళ కింద నా లారీ రెక్క తగిలి
అతని చెట్టు కొమ్మ విరిగింది.
పొరపాటని నేను, పొగరని అతను.
అప్పట్నుంచీ మేం ఉప్పూ నిప్పూ.
నేను ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజుల్లో
నా షెడ్డులోకి కట్టెలు వచ్చి చేరాయి,
చివరలు సరిచేసి, గోడ కట్టినట్టు.
ఎవరు పేర్చారో చెప్పేవాళ్ళు లేరు.
మొన్న మెట్టు మీద చెక్కపెట్టె నిండా రాలిన ఆపిళ్ళు.
చీటీ లేదు, తలుపు చప్పుడూ లేదు.

తురుముతుంటే దెబ్బ తగిలిన చోటల్లా గోధుమరంగు.
ఆ చోటే ఎక్కువ తీపి, ఎందుకో.
రసం పిండెయ్యకు, అంది డెల్ఫీన్
సాక్సు అల్లుతూ, తల ఎత్తకుండా.
కొవ్వు లేని మాంసానికి ఆ తడే దిక్కు.

రొట్టె పొడి బదులు ఓట్లు,
నిన్న కాల్చిన గుమ్మడి గుజ్జు,
చెంచా నూనెలో మెత్తబడ్డ ఉల్లి,
ఒక గుడ్డు, మిరియాలు,
జాజికాయ గీకితే
వంటింట్లోకి ఎవరో పెద్దమనిషి వచ్చినట్టయింది.

కోపంగా పిసికితే రబ్బరు బంతులవుతాయట.
గేరు రాడ్డు పట్టిన చేతులివి,
వీటికి మెల్లగా అంటే ఏమిటో
అరవై నాలుగో ఏట నేర్పాలి.
తడి అరచేతుల్లో ఒక్కొక్కటీ దొర్లించాను.
ఇరవై మూడు.
కొన్ని గుండ్రం, కొన్ని బంగాళాదుంపల్లా.

ఓవెన్ అద్దంలో అవి ఎర్రబడుతుంటే
పక్క పొయ్యి మీద క్రాన్‌బెర్రీలు
ఒక్కొక్కటే టప్, టప్ మంటూ తెరుచుకున్నాయి.
సేజ్ వాసన మేడమెట్లు ఎక్కింది.
బయట వెలుతురు నాలుగున్నరకే సర్దుకుంది.

డెల్ఫీన్ ఒకటి తింది.
ఏమీ అనలేదు.
ఫోర్కు మళ్ళీ పళ్ళెంలోకి వెళ్ళింది.
ఆవిడ మెచ్చుకోలు ఎప్పుడూ అంతే,
చెవితో వినేది కాదు.
తర్వాత బిస్కెట్ల డబ్బా ఒకటి కడిగి, తుడిచి,
నా ముందు పెట్టింది.
ఎవరికని నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఎనిమిది సర్దాను, గుండ్రంగా ఉన్నవి ఏరి.
చీకట్లో కంచె దాటాను.
విరిగిన కొమ్మ చోట చెట్టు
పెదవిలా మూసుకుంది.
వరండాలో డబ్బా పెట్టి
దొంగలా తిరిగొచ్చాను, స్టెంటు వేసిన గుండె
లారీ ఇంజనులా కొట్టుకుంటుంటే.

పొద్దున గడ్డి మీద తెల్లటి గరుకు.
మెట్టు మీద డబ్బా.
ఖాళీ. కడగలేదు కూడా,
అడుగున ఒక సేజ్ ఆకు అంటుకునుంది.
మూత లోపల విత్తనాల పొట్లం చింపి,
పెన్సిలుతో, పెద్ద అక్షరాలు:

ఉప్పు చాలలేదు.

చాలాసేపు నవ్వాను, కుట్లు లాగుతున్నా.
ఆ ముక్కని ఫ్రిజ్ మీద
డెల్ఫీన్ గీసిన రెండు గీతల కిందే
అంటించాను.