ఇతరములు

మందస దాటాక తారు అయిపోయింది.
చెప్పులు చేత్తో పట్టుకుని గెడ్డ దాటాం.
నా సంచిలో శాఖ వారి ట్యాబు,
ఆమె సంచిలో నోటు పుస్తకం, నీళ్ల సీసా.
పేరు వర్కినేష్, ఇథియోపియాలో గొజ్జాం వైపు.
విశాఖలో చదువు, కొండ సేద్యం మీద పరిశోధన.
దుబాసీని నేను.

సవర గాయమ్మ చేటలో చోళ్ళు చెరుగుతోంది.
"మళ్ళీ ఆ గులాబీ గింజలే తెచ్చినావేటి బాబూ?"
పోయినేడు నేనిచ్చిన ప్యాకెట్టు, మందు పట్టించినది,
కోడి కూడా ముట్టలేదట.

ట్యాబు అడగమన్నవి అడిగాను.
ఏ రకం? ఎకరాకి ఎంత?
"ఒక్కటే జల్లితే ఒక్కపాలే పోద్ది.
చోడి, సామ, కంది, కొండజొన్న కలిపి జల్లుతాం.
వాన ముందొస్తే ఒకటి తింటాం, ఎనకొస్తే ఇంకోటి.
ఏదీ రాని ఏడు కందైనా ఉంటాది.
ఎకరమంటే ఏటో కొండకి తెల్దు."

వర్కినేష్ చేట పక్కన గొంతుక్కూర్చుంది.
నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికింది.
"దగుస" అంది.
మళ్ళీ అంది, ఎవరితోనూ కాదు,
దగుస.

తర్వాత చెప్పిందంతా
ఆమె ఇంగ్లీషులోంచి నా తెలుగులోకి,
అక్కణ్ణుంచి గాయమ్మ కోడలి సవరలోకి
మెట్టు మెట్టుగా దిగింది.
వాళ్ళ ముత్తవ్వ మట్టీ పేడా మెత్తిన గాదెలో,
గోతెర అంటారట, ఈ గింజే పోసేదట.
తెల్ల గోనెల్లో మొక్కజొన్న విత్తనం దిగిన ఏడు
ఆ గాదెకు అడ్డంగా కట్టెలు పేర్చిందట,
అధికార్ల కంట పడకుండా.

గాయమ్మ ఎందుకని అడగలేదు.
లేచి, పొయ్యి మీది అటక నుంచి
మసిబారిన ఆనపబుర్ర దించింది.
మూతికి పేడ, లోపల బూడిద,
బూడిదలో వచ్చే ఏటి విత్తనం.
వర్కినేష్ వాసన చూసింది.
చాలాసేపు తలెత్తలేదు.

ఈ గింజ వేల ఏళ్ల కిందట
వాళ్ళ వైపు నుంచే సముద్రం దాటి వచ్చిందని
పుస్తకాల్లో ఉంది. చెప్పాను.
"అయితే చోడికి పుట్టింటోరు వచ్చినారన్నమాట"
అని గాయమ్మ అంబలికి ఎసరు పెట్టింది.

ట్యాబులో చివరి గడి:
సాంకేతికత ఎవరి నుంచి పొందారు?
శాఖ. కంపెనీ. ఇతరములు.
ఇతరములు నొక్కాను.
వివరించండి, ఇరవై అక్షరాలు మించరాదు, అంది.
సిగ్నల్ లేదని నాకు నేనే చెప్పుకుని మూసేశాను.

మొన్న సంతలో ఎదురైంది గాయమ్మ.
ఎరువుల సంగతి ఎత్తుతుందనుకుని
జవాబు సిద్ధం చేసుకుంటున్నాను.
"ఆ గుంట ఊర్లో
వానలు పడినాయేటి బాబూ?"