పట్టాల అతుకు

శనివారం రాత్రి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో జాజ్,
తెల్లారితే చర్చిలో కీర్తన.
అక్కడ కరెంటు ఆర్గాన్, ఇక్కడ తొక్కుడుది.
వేళ్లు మాత్రం అవే పది.
కీర్తనకి రాత్రి వాసన వదల్లేదని
పాస్టరుగారు గొణిగేవారట.

నేను చేరేనాటికి డాన్సులు ఆగిపోయాయి.
బెజవాడలో జాజ్ అంటే
"ఏ కంపెనీదండీ?" అంటున్నారు.
సత్యనారాయణపురంలో ఒకటిన్నర గది,
గోడకానించిన తొక్కుడు ఆర్గాన్,
దాన్లో వానలకి ఉబ్బి
నొక్కితే ఓ పట్టాన లేవని మెట్టొకటి.
నెలకి ఎనభై రూపాయలు.
మా నాన్న దగ్గర లేక
చిరిగిన తిత్తికి తోలేసి కుట్టిచ్చాడు,
చెప్పులు కుట్టే దారంతోనే.
ఆరేళ్ల ఫీజు చెల్లిపోయిందన్నారు
నతనయేలు మాస్టారు.

"తాళం పుస్తకంలో లేదురా, యార్డులో ఉంది.
అతుకు దగ్గర చక్రం
ఎంతసేపు తటపటాయిస్తుందో విను.
ఆ కాస్తలోనే అంతా."
గూడ్సుబళ్లు లెక్కపెడుతూ
ఎన్ని రాత్రులు నిద్ర చెడిందో!
పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తున్నా ఇప్పుడు,
తాళం దానంతటదే మోగుతుంది,
ఎక్కడా తటపటాయించదు.

మాస్టారిని సాగనంపిన నెలకి
ఆర్గాన్‌ని కట్టె కింద తూస్తామన్నారు.
ఒక్కసారి కూర్చుని తొక్కాను.
తిత్తి ఊపిరి పీల్చింది,
నాన్న కుట్టు ఒక్కటీ వీడలేదు.
ఆ ఉబ్బిన మెట్టు
నొక్కి వదిలాక
కాస్త ఆగి,
తీరిగ్గా పైకి లేచింది.