నాలుగో గడి

మూడో అధ్యాయం. ఉద్యోగ విశ్లేషణ.
బోర్డు మీద నాలుగు గడులు గీశాను:
పని పేరు, చేయాల్సినవి, ఎవరికి జవాబుదారీ,
కావాల్సిన అర్హతలు.
"మీ ఇంట్లో ఒకరి పనిని ఇందులో రాసుకురండి.
జీతమున్న పనే కానక్కర్లేదు" అన్నాను.

మొదటి రోజు 'మానవ వనరులు' అని రాసినప్పుడే
చీమకుర్తి బస్సులో వచ్చే పిల్లాడొకడు లేచాడు.
"వనరంటే మా ఊళ్లో రాయి మేడమ్.
తవ్వి, కోసి, లారీ ఎక్కిస్తారు.
మనిషిని ఎట్టా అంటారు?"
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి
పుస్తకంలో ఉన్నది చెప్పాను:
యంత్రం వాడితే అరుగుతుంది, మనిషి వాడితే పెరుగుతాడు.
అయిదు మార్కుల ప్రశ్నకి సరిపోయే వాక్యం.

సోమవారం కాగితాలొచ్చాయి.
సుకీర్తి వాళ్లమ్మ, పొగాకు గ్రేడింగు:
ఆకు రంగు చూసి రకాలుగా విడదీయుట, నిలబడి.
జవాబుదారీ: పగలు మేస్త్రికి, రాత్రి నానమ్మకి.
కొత్తపట్నం పోలయ్య వాళ్లన్న, వల లాగుట.
జవాబుదారీ: గాలికి.
ఇంకో ముగ్గురి నాన్నలు
ఒకే చేతిరాతలో మేనేజర్లయ్యారు.

అడుగున గౌసియా కాగితం.
పని పేరు: రాయి వినేవాడు.
'కోసేవాడు' అని దిద్దబోయి
ఎర్రపెన్ను ఆపి, చదివాను.

క్వారీలో నల్లదిమ్మె బయటికి తీశాక
మా నాయన చిన్న సుత్తితో దాని చుట్టూ తిరుగుతాడు.
కొడతాడు, ఆగుతాడు, మళ్లీ కొడతాడు.
మంచి రాయి గంటలాగా పలుకుతుంది.
లోపల నెర్రె ఉంటే ఓటికుండ మాదిరి తప్పుమంటుంది.
కొనేవాళ్లు నీళ్లు పోసి, టార్చి వేసి, వెతికి వెతికి
ఆఖరికి మా నాయన మొహం చూస్తారు.

అర్హతలు: చెవి.

ఆ కింద, చోటు చాలక, అంచు వెంట నిలువుగా:
అంతకుముందు పద్దెనిమిదేళ్లు డ్రిల్లింగు మిషను పట్టాడు.
కుడిచెవి పోయింది. ఎడమది సగం.
మేస్త్రికి తెలియదు.
ఇప్పుడు సుత్తితో కొట్టి, రెండో అరచెయ్యి
రాతికి ఆనించి వింటున్నాడు.
ఇది ఏ గడిలో రాయాలి మేడమ్?

కాగితం తిప్పి చూశాను. వెనక ఖాళీ.

పనికి మనిషి తెచ్చుకోవాల్సింది నాలుగో గడి.
మనిషి దగ్గర పని తీసేసుకున్నదానికి
నేను గడి గీయలేదు.
భద్రత, ఆరోగ్యం తొమ్మిదో అధ్యాయం.
ఏ ఏడూ సెమిస్టరు అక్కడిదాకా పోదు.
అయినా అడగడానికి నేనెవరిని,
గంటకింత అని లెక్క గట్టే గెస్టు లెక్చరర్ని.
మూడు నెలల బిల్లు ఆఫీసు బల్ల మీద పెట్టుకుని
రోజూ ఇక్కడ ప్రేరణ సిద్ధాంతాలు చెబుతుంటాను.

మర్నాడు వరండాలో ఆపాను, క్లాసులో చదవనా అని.
"వద్దు మేడమ్.
మా బస్సువాళ్లే సగం ఉన్నారు క్లాసులో.
ఆదివారానికల్లా క్వారీకి చేరుద్ది."
కాసేపాగి, "మార్కులు మాత్రం వేయండి" అంది.

పదికి తొమ్మిది వేశాను.
ఆ ఒక్కటీ ఎందుకు కోశానో
ఇప్పటికీ చెప్పలేను.

క్లాసులో నాలుగు గడుల పక్కన
అయిదోది గీశాను. పేరు పెట్టలేదు.
"ఇందులో ఏం రాయాలి మేడమ్?"
"పరీక్షలో వస్తుందా?"
"పాత పేపర్లో లేదు కదా?"
సుద్దముక్క చేతిలో పొడవుతుంటే
గౌసియా వైపు చూశాను.

తల ఎత్తలేదు.
బయట కర్నూలు రోడ్డు మీద
గొలుసులు బిగించిన దిమ్మెతో లారీ పోతోంది.
కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి.
ఆ పిల్ల అరచెయ్యి
డెస్కు మీద పరిచి ఉంది.