ఒక్క తిప్పులో వృత్తం

కుతాయిసీలో, రియోనీ నది చప్పుడు
కిటికీ దాకా వచ్చే మూడో అంతస్తులో
నల్లబల్ల ఊడదీసింది నేనే.
గోడమీద దాని కొలత మిగిలిపోయింది,
పటం తీసేసిన చోట లేతరంగులా.

త్సియాలా గ్వెలెసియాని మేడం
ముప్పై ఒక్క ఏళ్లు దాని ముందు జ్యామితి చెప్పింది.
భుజం కీలుని ముల్లులా నాటి
ఒక్క తిప్పులో వృత్తం గీసేది.
వృత్తలేఖిని లేదు, తాడు లేదు.
ప్రతి సెప్టెంబరులో కొత్త పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.
నేనూ కొట్టాను, ఒక సెప్టెంబరులో.

ఇప్పుడు స్మార్ట్‌బోర్డు.
మేష్టర్లకి నేర్పడం నా ఉద్యోగం.
"ఇక్కడ తాకండి. కాదు, మెల్లిగా."
నాకు లెక్క దిద్దిన చేతిని
మణికట్టు పట్టి జరపడం చేతకాక
గాలిలో చూపించాను.

ఆవిడ గళ్ల నోటుపుస్తకంలో రాసుకుంది:
దత్తాంశం: తెర ఒకటి, తీగలు రెండు.
సాధించవలసినది: వెలుతురు.
నిర్మాణం కింద పదకొండు మెట్లు.
ఉపపత్తి అని రాసి, ఖాళీ వదిలేసింది.

మొదటి క్లాసులో వృత్తం గీసింది.
గీత ముగిసీ ముగియకుండానే
బోర్డు దాన్ని సర్దేసింది,
నున్నగా, నీలంగా, ఎవరిదీ కాకుండా.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఎందుకు కొడతారు?
ఆవిడ వేళ్లు దులుపుకుంది,
సుద్ద లేకపోయినా.

సాయంత్రం నా గదికొచ్చింది.
"జూరాబ్, నన్ను దిద్దొద్దని
దానికెలా చెప్పాలి?"
సెట్టింగుల్లో నాలుగో వరస.
నొక్కాను. అంతే.
పన్నెండో మెట్టు రాసుకుని వెళ్లింది.

మంచు మూసేసిన కొండదారుల్లో
ఆగిపోయిన పిల్లల కోసం
పాఠాలు రికార్డు చేస్తున్నాం, గది వెనకాల కెమెరాతో.
ఫిబ్రవరిలో ఒక రాత్రి
నా పక్కన కూర్చుని చూసింది.
తన వీపు తను చూడటం అదే మొదలు.
కోటు వెనక ఊడిన కుట్టు గురించి ఏదో అంది.
తర్వాత, "ఆపు."

గడియారంలో ఏడు ఉండే చోట
వృత్తం కొంచెం అణిగి ఉంది.
ముందు వారం పాఠం పెట్టమంది.
అక్కడే.
దాని ముందుది.
అక్కడే.

"మీకు కనిపించేదా?"

కేబుల్ చుడుతూ ఉండిపోయాను.
చుట్టిందే మళ్లీ చుట్టాను.
ముందు బెంచీ మాదే,
బెంచీ మొత్తానికి తెలుసు.

మర్నాడు క్లాసులో ఆవిడ
ఒక్క తిప్పులో గీసింది.
అణిగిన చోటికి చిన్న బాణం వేసి
పక్కన రాసింది: ఇక్కడ నా భుజం.
వెనక వరసలో ఎవరో నవ్వారు, ఆవిడా నవ్వింది.
చెరపబోయి ఆగి, దాచమని నాకు సైగ చేసింది.

ఫైలుకి పేరేమిటని బోర్డు అడిగింది.
ఏమీ తోచక
తేదీ వేశాను.