వదులు

రెండు చలికాలాలు తప్పంతా బండిదే అనుకున్నాం.
ఉష్గులి దారిలో గుంట తగిలిన ప్రతిసారీ
స్టీరింగు జ్వరమొచ్చిన పిల్లలా వణికేది.
బిముర్జా దాన్ని రెండు చేతులా అదిమిపట్టి
"ముసలిదైపోయింది" అనేవాడు,
డెలికా గురించే.
వెనక సీట్లో పర్యాటకులు
మంచుకొండల్ని ఫోన్లలోకి ఎక్కించుకుంటుంటే
కింద, చాలా కింద, ఎంగురి నది.

చీజు అమ్మిన డబ్బుతో
జుగ్దిది బజారు నుంచి టై రాడ్ ఎండ్‌లు తెప్పించాను.
మెస్తియా మెకానిక్కు దగ్గరికి పోదామంటే వినడు.
"నా బండి కాళ్ళు ఇంకొకడు పట్టుకోవడమేమిటి?"

సరే, పెరట్లోనే.
రాతి బురుజు నీడ పక్కకి జరిగేదాకా ఆగి
అక్రోటు చెక్క మీద జాకీ నిలిపాం.
గాల్లోకి లేచిన చక్రాన్ని
అటూ ఇటూ పట్టుకు కుదిపాను.
టక్. టక్.
"విన్నావా? అదే వదులు" అన్నాడు,
దొంగని పట్టించినవాడి గొంతుతో.

రబ్బరు తొడుగు ఎప్పుడో చిరిగింది.
లోపల గ్రీజు నల్లమట్టైపోయింది,
అందులో ఏటి ఇసుక.
గుండు దాని గూట్లో
మా అత్తగారి చివరి పన్నులా ఊగుతోంది.

తుప్పు పట్టిన పిన్ను సగంలో విరిగింది.
స్వాన్ భాషలో ఉన్న తిట్లన్నీ అయ్యాక
నట్టు వచ్చింది, జాయింటు రాలేదు.
బోల్టు మీద కాదు, పక్కన చెవి మీద కొట్టాలి.
సుత్తి ఎత్తాడు. తప్పింది.
మళ్ళీ ఎత్తాడు. మడ్‌గార్డు సొట్టపోయింది.
నేను ఆవు వైపు చూశాను.
"ఇటివ్వు" అన్నాను కాసేపటికి.
ఇచ్చాడు.
ముప్పై ఒక్క ఏళ్ళలో
మొదటిసారి అడగ్గానే ఏదీ ఇచ్చినవాడు కాదు.

పాతది విప్పుతూ చుట్లు లెక్కపెట్టాలి,
కొత్తది అన్నే చుట్లు ఎక్కాలి.
పధ్నాలుగున్నర.
బొగ్గుతో గోడ మీద రాశాను.
అయినా ఎర్ర ఉన్నిదారం కట్టి
చక్రాల మధ్య దూరం కొలిచాం,
ముందోసారి, వెనకోసారి.
ఒకదానివైపొకటి కాస్త చూసుకోవాలట ముందు చక్రాలు.
మరీ చూసుకుంటే టైర్లు అరుగుతాయి,
చెరోవైపు చూస్తే బండి దారిలో నిలవదు.
పెళ్ళినాడు ఫాదర్ కూడా
మాకింత విడమరిచి చెప్పలేదు.

ఇక కొత్త పిన్ను.
నట్టు గాడీ బోల్టు రంధ్రమూ ఒక వరసకొచ్చాయి,
దూర్చడమే తరువాయి.
దూరలేదు.
సెప్టెంబరు ఎండ, చలి లేదు.
బండి ఆపి ఉంది, గుంటలూ లేవు.
ఆ చిన్న ఇనప పుల్ల నట్టుకి తగిలి
టిక్ టిక్ టిక్ టిక్.
ఇద్దరం విన్నాం.
ఈసారి ఎవరం ఏమీ అనలేదు.
మోకాళ్ళ మీద కూర్చుని
ఆ చేతి మీద చెయ్యేసి
పిన్ను నేనే దూర్చాను, కొసలు వంచాను.

విమానాల మైదానం పక్క రోడ్డు తిన్నగా ఉంటుంది.
అక్కడికి తీసుకెళ్ళాడు.
స్టీరింగు పడుకున్న దూడలా ఉంది.
దాని మీద కుడిచెయ్యి మాత్రం
గాలి లేని చోట ఆకులా.
చెయ్యి తిరిగిన డ్రైవరని
లోయంతా చెప్పుకునే చెయ్యి,
ఇప్పుడు తన ఇష్టానికి తాను తిరుగుతోంది.

ఇంజను ఆపాడు.
"బండి బాగుంది" అన్నాడు.
"బాగుంది" అన్నాను.
పొద్దున్నే ఆరింటికి నలుగురు బేరమున్నారు, పైదాకా.
ఎండుగడ్డి ట్రాక్టరు తప్ప
నేను పెద్దగా నడిపింది లేదు.

దిగాడు.
బానెట్టు మీద అరచెయ్యి రాస్తూ
ముందునుంచి చుట్టూ తిరిగొచ్చి
నా వైపు తలుపు తీశాడు.
నేను గేరు దాటి అవతలికి జరిగాను.
సీటు ఇంకా వెచ్చగా ఉంది.

కొంతదూరం ఊరుకున్నాడు.
మొదటి గుంట దగ్గర మాత్రం
కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు:
"అంత బిగించి పట్టకు.
కాస్త వదులుండనియ్యి."